మడమ చూసిన గడప

తిరుపతి ఒక మనిషిని కాసేపు చూస్తే చాలు, ఆ మనిషే అయిపోతాడు. నాచారంలో సీసా మూతలు తయారుచేసే కంపెనీలో ప్యాకింగ్ సూపర్‌వైజరు అతను. మధ్యాహ్నం క్యాంటీన్‌లో టిఫిన్ డబ్బా తెరుస్తూ, మేనేజరు ఫోన్లో పెద్దసారు గొంతు వినగానే కుర్చీలోంచి ఎట్లా సగం లేచి మళ్ళీ కూర్చుంటాడో చేసి చూపిస్తాడు. తింటున్నవాళ్ళకు పొలమారుతుంది. గణపతి మండపం దగ్గర మైకు ఎప్పుడూ అతనికే ఇస్తారు. చిల్లర లేదని చెప్పేటప్పుడు ఉప్పల్ బస్సు కండక్టరు పెట్టే మొహం కూడా పెట్టగలడు. యాభై దాటినా ఒళ్ళు తీగలా వంగుతుంది.

అంతమందిని అనుకరించినవాడు ఒక్క మనిషి జోలికి మాత్రం పోలేదు. ఆమె అతని తల్లి బుచ్చవ్వ.

బుచ్చవ్వ నడక వేరు. ఇంటికి ఎవరు వచ్చినా మంచినీళ్ళు తెచ్చిస్తుంది. ఖాళీ గ్లాసు తీసుకొని వంటింట్లోకి పోయేటప్పుడు మాత్రం వీపు తిప్పదు. వచ్చినవాళ్ళ వైపే ముఖం ఉంచి, తలవంచి, ఎడమచెయ్యి నోటికి అడ్డం పెట్టుకొని, ఒక్కో అడుగూ వెనక్కి వేసుకుంటూ పోతుంది. వంటింటి గడప రాగానే మడమతో దాన్ని టక్కుమని తాకి, కాలెత్తి లోపల పెడుతుంది. తడబడటం ఎవరూ చూడలేదు. వచ్చినవాడు గ్యాసు బండ తెచ్చినవాడైనా సరే, అదే మర్యాద.

జగిత్యాల అవతల ఒక ఊళ్ళో, దొరవారి గడీలో అబ్బిన నడక అది. ఆమె తల్లి ఆ కోటలాంటి ఇంట్లో వెట్టి చేసింది. ఊహ తెలిసిన నాటి నుంచి ఈమె కూడా చేసింది. దొరకు గానీ దొరసానికి గానీ వీపు చూపించకూడదు. చూపిస్తే ఏమయ్యేదో బుచ్చవ్వ ఎన్నడూ చెప్పలేదు, తిరుపతి ఎన్నడూ అడగలేదు. తర్వాత దొరలు పట్నం చేరారు, గడీకి తాళం పడింది. తిరుపతికి నాచారంలో పని దొరికాక తల్లిని వెంట తెచ్చుకున్నాడు.

బయటివాళ్ళ ముందు ఆమె అట్లా వెనక్కి పోతుంటే అతనికి తల కొట్టేసినట్టు అయ్యేది.

“అవ్వా, ఇది గడీ గాదే. సక్కగ తిరిగి నడువు,” అని వాళ్ళు పోయాక కసిరేవాడు.

“ఏమో కొడుకా, కాలు గట్లనే పోతది,” అనేది ఆమె.

ఇంటికి వచ్చినవాళ్ళు ఎవరైనా అడిగితే మోకాళ్ళ నొప్పులకు డాక్టరు అట్లా నడవమన్నాడని చెప్పేవాడు. ఊళ్ళో తమకు పొలం ఉండేదని, తండ్రి సేద్యం చేసేవాడని కూడా చెప్పుకున్నాడు. డిగ్రీ చదివే కూతురు అమూల్యకు కూడా అంతకు మించి తెలియదు.

కాలనీలో ఒక నాటక సమితి ఉంది. దాన్ని నడిపే సుబ్రహ్మణ్యం ప్రభుత్వ సంస్థలో ఇంజనీరుగా పనిచేసి రిటైరైన రాజమండ్రి మనిషి. తెల్లటి లాల్చీ, మెడలో కళ్ళజోడు తాడు, మాట నెమ్మది. ప్రతి ఏడూ ఎవరో రాసిన నాటకం వేయించేవాడు, ఈసారి తానే ఒక హాస్యనాటకం రాశాడు. పేరు ‘దొరగారి హాలు’. సెట్టు మారదు. ఒకటే హాలు, అందులో ఒక పాత పడక్కుర్చీ. అరవై ఏళ్ళ కిందట ఆ హాల్లో దొర, ఆయన నౌకరు. ఇప్పుడు అదే గడీ రిసార్టు అయింది, పెళ్ళికి ముందు ఫొటోలు దిగడానికి ఒక జంట వస్తుంది. రెండు కాలాలవాళ్ళూ ఒకేసారి స్టేజీ మీద తిరుగుతారు, కానీ ఒకరికొకరు కనపడరు. నౌకరు దొర కోసం తమలపాకులు పెట్టిన పాన్‌దాన్ తెరిచి ఈనాటి పిల్ల లిప్‌స్టిక్ తీసుకుంటుంది. దొర గర్జిస్తే ఈనాటి కుర్రాడు ఏసీ ఎక్కువైందంటూ వణుకుతాడు.

దొర వేషం లక్ష్మీకాంత్‌ది. మౌలాలి రైల్వేలో పనిచేసి రిటైరైన పక్క గల్లీ మనిషి, సగం వేషం పొట్టే వేసి పెడుతుంది. పెళ్ళికూతురు గీతిక, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. నౌకరు తిరుపతి.

మొదటి రిహార్సళ్ళలో నౌకరు దగ్గర నాటకం చప్పబడిపోయేది. సుబ్రహ్మణ్యం స్క్రిప్టు మూసి తల పట్టుకున్నాడు.

“తిరుపతీ, ఆ వెళ్ళడం ఏంటయ్యా? బ్యాంకులో చలానా కట్టేసి వెళ్తున్నట్టు వెళ్తున్నావు! దొరంటే భయం కనపడాలి. ఆ భయాన్ని చూసి జనం నవ్వాలి.”

“మల్లొకసారి జేస్త సార్.”

మళ్ళీ చేశాడు. ఎందుకు అట్లా చేశాడో అతనికే తెలియదు. దొర “పో” అనగానే నడుము వంగింది, చెయ్యి నోటికి అడ్డం వచ్చింది, కాలు వెనక్కి పడింది. గుమ్మం దగ్గర మడమ దానంతట అదే టక్కుమని తాకింది.

గదంతా పగలబడి నవ్వింది. లక్ష్మీకాంత్ పొట్ట పట్టుకొని కుర్చీలోంచి జారాడు. గీతిక చేతిలో ఫోను వదిలేసి చప్పట్లు కొట్టింది.

“అంకుల్, ప్లీజ్, ఇంకోసారి!”

సుబ్రహ్మణ్యం కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. “ఎక్కడ పట్టావయ్యా ఇది? ఎవర్ని చూశావు?”

“ఎవల్ని లేదు సార్,” అన్నాడు తిరుపతి. “ఉత్తగనే వచ్చింది.”

అన్నాక తలవంచి చెప్పులు వెతుక్కున్నాడు. కానీ ఆ నవ్వు! ఇన్నేళ్ళలో ఎంతమందిని నవ్వించినా ఇట్లాంటి నవ్వు వినలేదు. ఇంటికి నడుస్తుంటే దారంతా అది చెవుల్లో మోగుతూనే ఉంది. అతను సిగ్గుపడ్డాడు, మళ్ళీ వినాలనుకున్నాడు.

సుబ్రహ్మణ్యం ఆ నడకను ఇంకా పెంచాడు. నౌకరు స్టేజీ ముందున్న మెట్లు కూడా వెనక్కి నడుస్తూనే దిగాలి, దొర వైపే చూస్తూ ప్రేక్షకుల మధ్య నుంచి బయటికి పోవాలి అన్నాడు. అంత సేపు చేయడానికి తిరుపతికి కొత్త వివరాలు కావలసి వచ్చాయి. అవి ఇంట్లోనే ఉన్నాయి.

సాయంత్రాలు హాల్లో కూర్చోవడం మొదలుపెట్టాడు. ఒక ఆదివారం లక్ష్మీకాంత్‌ను చాయ్‌కి పిలిచాడు. పిలిచింది చాయ్ కోసం కాదు, ఖాళీ కప్పులు తీసుకుపోయే తల్లిని చూడటానికి. ఆమె మెడ ఎంత వంచుతుంది, చీర కుచ్చిళ్ళు కాలికి అడ్డం పడకుండా కుడిచేత్తో ఎట్లా పట్టుకుంటుంది, అన్నీ చూశాడు. ఆమె వంటింట్లోకి పోగానే లక్ష్మీకాంత్ గొంతు తగ్గించి నవ్వాడు.

“ఏమన్నా, అమ్మకు గూడ ప్రాక్టీసు పెట్టినవా?”

తిరుపతి కూడా నవ్వాడు.

బుచ్చవ్వకు ఇదంతా వేరేగా అనిపించింది. కొడుకు కసరడం మానేశాడు. పక్కన కూర్చుంటున్నాడు.

“ఈ నడుమ నువ్వు తిడ్తలేవు బిడ్డా,” అంది ఒక రోజు చిక్కుడుకాయలు తుంచుతూ. ఆ సంతోషంలో, ఎన్నడూ చెప్పని మాట చెప్పింది. “గడీల పెద్ద దర్వాజ తాన గడప మస్తు ఎత్తు. ఎనుకకు వొచ్చేటామెకు కనపడదు గద. గందుకని ఇంకొకామె ఎనుక నిలవడి మోచెయ్యి పట్టేది. సప్పుడు గాకుంట. కడుపుతోని ఉన్నామె అయితె ఇద్దరం పట్టుదుము. దొరసాని గూడ పసిగట్టకపోయేది.”

తిరుపతి ఊకొట్టాడు. ఆ క్షణంలో తల్లి ముఖం చూడవలసింది. కానీ అతని బుర్రలో తిరుగుతున్నది ఒకటే: స్టేజీ మీద తన వెనక ఇంకో నౌకరు ఉంటే ఈ ముక్క ఎంత పండేది!

నాటకం రోజు దగ్గరపడ్డాక అమూల్య అడిగింది. “డాడీ, నానమ్మను తీస్కపోదాం. నువ్వు స్టేజీ మీద జేసుడు ఆమె ఎన్నడు సూడలే.”

“వొద్దు. ఆడ మస్తు మెట్లున్నయ్. పైకెల్లి ఇది కామెడి. ఆమెకు సమజ్ గాదు.”

“గట్ల నువ్వే అనుకుంటవ్,” అని మూతి ముడిచి పోయింది అమూల్య.

ఉప్పల్‌లో ఒక ఫంక్షన్ హాల్లో నాటకం వేశారు. ప్లాస్టిక్ కుర్చీలన్నీ నిండాయి. వెనక బిర్యానీ గిన్నెలు దింపుతున్న చప్పుడులో కూడా మొదటి నవ్వు లేచింది, తర్వాత ఆగలేదు. పాన్‌దాన్ పండింది, ఏసీ పండింది. చివరికి తలకు పట్కా కట్టుకున్న లక్ష్మీకాంత్ పడక్కుర్చీలో వెనక్కి వాలి, మీసం దువ్వి, వేలు చూపిస్తూ “పోరా!” అన్నాడు.

తిరుపతి వంగాడు. హాలు నవ్వింది. ఇంకా వంగాడు, ముక్కు మోకాలికి తాకేంత. నవ్వు ఇంకా పెరిగింది. మెట్టు దగ్గర మడమతో గాల్లో వెతికాడు, దొరకనట్టు వణికించాడు. ఎవరో ఈల వేశారు. మెట్లు దిగాడు. లైట్ల కోసం పరిచిన వైరు ఒకటి కాలికి చుట్టుకుంది. ఈసారి నటన కాదు, నిజంగానే వెనక్కి ఒరిగాడు.

వెనక నుంచి ఒక చెయ్యి అతని మోచేతిని పట్టుకుంది. చప్పుడు కాకుండా, గట్టిగా.

తిరిగి చూడకముందే తెలిసింది అది ఎవరి చెయ్యో.

అమూల్య తండ్రికి చెప్పకుండా నానమ్మను తీసుకొచ్చింది. పెద్దావిడ అని నిర్వాహకులు ముందు వరసలో కూర్చోబెట్టారు. బుచ్చవ్వ కుర్చీలోంచి లేచి, కొడుకు వెనక నిలబడి ఉంది. ఆమె అతన్ని చూడటం లేదు. తల వంచుకొని, కనుకొసల నుంచి, స్టేజీ మీద కుర్చీలో ఉన్న దొరను చూస్తోంది. దొర చూశాడా లేదా అని.

హాలు విరగబడి నవ్వింది. ముందే అనుకొని పెట్టిన ముక్క అనుకున్నారందరూ.

నాటకం అయిపోయాక నటులంతా వరసగా నిలబడ్డారు. సుబ్రహ్మణ్యం మైకు పట్టుకొని, అమూల్య చేత బుచ్చవ్వను కూడా స్టేజీ మీదికి పిలిపించాడు. ఆయన ముఖం ఆనందంతో వెలిగిపోతోంది.

“తిరుపతి గారి అమ్మగారండీ! నాకు కూడా చెప్పకుండా దాచాడు చూడండి! తిరుపతీ, అమ్మగారికి నువ్వే నేర్పావా? ఇంట్లో రిహార్సల్ చేయించావా?”

మైకు తిరుపతి నోటి ముందుకు వచ్చింది. తల్లి పక్కనే ఉంది. హాలంతా నవ్వు మొహాలు. రిహార్సల్లో ‘ఎవల్ని లేదు’ అన్న మాట అప్పటికే అతని చేత ఇంకో మాట పలికించడానికి సిద్ధంగా ఉంది.

“అవ్ సార్,” అన్నాడు. “నేనే నేర్పిన.”

చప్పట్లు. మైకు బుచ్చవ్వ ముందుకు వెళ్ళింది. ఆమె ఒక్కసారి కొడుకు ముఖం చూసింది. చూసి, మైకుకు కాదు, సుబ్రహ్మణ్యానికి చెప్పింది.

“అవ్ సారూ. మా కొడుకే నేర్పిండు.”

ఆ తర్వాత వెళ్ళిపోతూ ఆమె సుబ్రహ్మణ్యానికి వీపు చూపించలేదు. వెనక్కి నడుచుకుంటూ తెర పక్కకు పోయింది. జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు.

ఇంటికి ఆటోలో వచ్చారు. అమూల్య ముందు డ్రైవరు పక్కన రోడ్డు చూస్తూ కూర్చుంది. హబ్సిగూడ దగ్గర సిగ్నల్‌లో ఆగినప్పుడు బుచ్చవ్వ మెల్లగా అంది.

“మేము గంత వంగలే బిడ్డా.”

పచ్చలైటు పడింది, ఆటో కదిలింది. ఆమె కోపంగా అనలేదు. తప్పు చెప్పిన పిల్లాడికి దిద్దినట్టు కూడా అనలేదు. తమ గురించి ఒక మాట తప్పుగా రికార్డులో ఉండిపోతుందేమో అన్నంత దిగులుగా అంది.

ఆ తర్వాతి రోజులు ఇంకా కష్టమయ్యాయి. కిరాణా కొట్టు ముందు ఎవరైనా కనపడితే, “తిరుపతన్నా, జర ఎనకకు నడువే!” అని అరిచేవాళ్ళు. అది అతను భరించేవాడు. కానీ కూరగాయల బండి దగ్గర ఆడవాళ్ళు బుచ్చవ్వను కూడా వదలలేదు. “అవ్వా, కొడుకు మంచిగనే నేర్పిండు గద. ఒక్కసారి జేసి సూపియ్యరాదు!” అని చెయ్యి పట్టుకొని అడిగేవాళ్ళు. మంచివాళ్ళే, ప్రేమగానే అడిగేవాళ్ళు. ఆమె పళ్ళు కనపడకుండా నవ్వి, బెండకాయలు ఏరుకునేది. ఒక సాయంత్రం గేటు దగ్గర ఆడుకునే పిల్లలు ఆమెను చూడగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని వెనక్కి నడిచారు. ఒకడు కింద పడ్డాడు. ఆమె వాణ్ణి లేపి, మోకాలికి అంటిన మట్టి దులిపింది.

తిరుపతి అది కిటికీలోంచి చూశాడు. కంపెనీలో ఆ వారమంతా ఎవర్నీ అనుకరించలేదు. ఒంట్లో బాగాలేదనుకున్నారు.

ఆదివారం లక్ష్మీకాంత్ హుషారుగా వచ్చాడు. ఏఎస్ రావు నగర్‌లో పోటీలకు నాటకం ఎంపికైంది.

“అన్నా, సార్ ఒక ఐడియా జెప్పిండు. అమ్మను గూడ నాటకంల పెడదాం. గా మోచెయ్యి పట్టుడు, అబ్బ! అమ్మ పేరు గూడ పాంప్లెట్‌ల ఏస్తం. ఏమంటవ్ అమ్మా?”

బుచ్చవ్వ చాయ్ ఇచ్చి అప్పుడే గోడ వారగా చాప మీద కూర్చుంది. కొడుకు వైపు చూసింది. అతను ఏం చెబితే అదే చెబుదామన్నట్టు, స్టేజీ మీద చూసినట్టే చూసింది. ఆ చూపు అతనికి గుర్తుంది. తాను ఇంకో అబద్ధం చెబితే, ఆమె దాన్ని కూడా మోస్తుంది.

“లక్ష్మీకాంతన్నా,” అన్నాడు. “నేను నేర్పలే. మా అవ్వ గడీల జేసింది. చిన్నప్పటి సంది జేసింది. గా నడక ఆమెది. నేనే సూసి ఎత్తుకొచ్చిన.”

లక్ష్మీకాంత్ నోటి దాకా తెచ్చుకున్న కప్పు అక్కడే ఆపాడు. కప్పు కింద పెట్టాడు. ఆ గొంతుతో, ఆ వేలితో ఎన్నిసార్లు “పోరా” అన్నాడో అతనికి గుర్తొచ్చినట్టుంది, చెయ్యి ఒళ్ళోకి తీసుకున్నాడు.

“నాకు ఎర్కలేదమ్మా,” అన్నాడు.

“ఎర్కయితె మాత్రం ఏమున్నది సారూ,” అంది బుచ్చవ్వ నేలకేసి చూస్తూ.

“మరి నాటకం?” అని తిరుపతిని అడిగాడు లక్ష్మీకాంత్, వాకిట్లో చెప్పులు వేసుకుంటూ.

“జేస్త. గా నడక మాత్రం జెయ్య.”

“మరి స్టేజీ మీంచి ఎట్ల పోతవ్?”

“అందరు పోయినట్లె పోత. సార్ తిడితె తిట్టనియ్యి.”

లక్ష్మీకాంత్ గల్లీ మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వచ్చాడు. గుండె మీంచి ఏదో దిగినట్టు ఉంటుందనుకున్నాడు. తల్లి ముఖం చూశాక అట్లా ఏమీ అనిపించలేదు. ఆమె తల ఇంకా ఎత్తలేదు.

“ఎందుకు జెప్పినవ్ కొడుకా,” అంది. “ఇన్నొద్దులు ఊకె నవ్వుకున్నరు. ఇగ అయ్యో పాపమంటరు. ఆ కాయగూరలామె గూడ పాపమంటది.”

తిరుపతి ఎదురుగా కుర్చీలో కూర్చుండిపోయాడు. దాచినా ఆమెదే అవమానం, చెప్పినా ఆమెదే అవమానం. రెండింటికీ మధ్యలో ఆమెను ఒక్కసారైనా అడగలేదు తను. అది అప్పుడు తట్టింది. ఇప్పుడు అడుగుదామంటే, ఏమని అడగాలో తెలియలేదు.

నేల మీద లక్ష్మీకాంత్ వదిలేసిన కప్పు ఉంది. మామూలుగా అయితే ఆమె ఈపాటికి లేచేది, కప్పు తీసేది, వంటింట్లోకి పోయేది. లేవలేదు. చీర కొంగు వేలికి చుడుతూ, విప్పుతూ కూర్చుంది. ఒకసారి వంటింటి గడప వైపు చూసింది, ఒకసారి కొడుకు కాళ్ళ వైపు చూసింది. చాయ్ మీద మీగడ కట్టింది.

ఇన్నేళ్ళు కసిరినా మానని నడక. ఇప్పుడు అతను చూస్తున్నాడని, చూసి దాచుకుంటాడని ఆమె లేవడం లేదు. తను బయటికి పోయేదాకా ఆమె అట్లాగే కూర్చుంటుందని తిరుపతికి అర్థమైంది.

లేచాడు. వాకిట్లోకి పోయి, ఇంటికి వీపు పెట్టి, గేటు పట్టుకొని నిలబడ్డాడు. గల్లీలో ఎవరో స్కూటరు కడుగుతున్నారు. నీళ్ళు మోరీలోకి పారుతున్నాయి.

కాసేపటికి లోపల కప్పు, సాసరు తగిలిన చప్పుడు వినపడింది. తర్వాత కాళ్ళ కింద చాప కదిలిన చప్పుడు. ఒక అడుగు, ఆగి, ఇంకో అడుగు. వంటింటి దగ్గర మడమ టక్కుమంది.

తిరుపతి తిరిగి చూడలేదు.